ముడి కింది చిగురు

మామిడాకు చేతికిస్తే గంగయ్య ముందు దాన్ని నిలువునా మడిచేవాడు. తర్వాత రెండు వేళ్ళ నడుమ నలిపి, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. బేనిషాన్, దసేరి, హిమాయత్, సుందరి, ఏదైనా సరే, పేరు నోట్లోంచి వచ్చేదాకా కళ్ళు తెరిచేవాడు కాదు. లక్సెట్టిపేట అంగడిలో ఎద్దుబండి తోలే అంబదాస్ ఒకసారి జామాకు నలిపి అతని ముక్కు కింద పెట్టాడు.

"గిది ఏం జాతి మామిడో చెప్పు గంగన్నా."

గంగయ్య కళ్ళు మూసుకునే, "గిది మీ వాడకట్టు జాతి. కాయ కాయదు, ముచ్చట్లు కాస్తది" అన్నాడు. అంగడంతా నవ్వింది.

అటువంటి గంగయ్య తన ఇంటి వెనక చెట్లలో ఒక చెట్టు ఆకును మాత్రం ఏళ్ళ తరబడి నలపలేదు.

అతను రాజేశ్వర్‌రావు దొర తోటకు మాలి. నిజాం కాలంలో దొర హైదరాబాదు నుంచి ఒక ఉస్తాదును పిలిపించి తోట వేయించాడు. ఆ ఉస్తాదు వెంట కుండీలు మోస్తూ గంగయ్య అంటు కట్టడం నేర్చుకున్నాడు. టెంక నుంచి పెంచిన మొక్కను కుండీతో సహా చెట్టు కొమ్మ పక్కకు తేవాలి. మొక్కకూ కొమ్మకూ సరిసమానంగా చెక్కు తీసి, పచ్చిని పచ్చికి ఆనించి, అరటినారతో చుట్టి ముడి వేయాలి. వానకాలమంతా నీళ్ళు పోస్తే రెండూ ఒక్కటవుతాయి. అప్పుడు కొమ్మను తల్లి చెట్టు నుంచి కోయాలి. ఉస్తాదు నేర్పిన మొదటి మాటనే గంగయ్య తర్వాత ఎందరికో చెప్పాడు. "ముడి మీద ఏసేది నీ చెట్టు. ముడి కింద ఏసేది దొంగ చిగురు. కనపడ్డప్పుడే గిల్లెయ్యాలె."

తోటలో మోటబావి పక్కన ఎవరూ నాటని చెట్టు ఒకటుండేది. ఎవరో తిని విసిరిన టెంకకు మొలిచింది. కాయ కోడిగుడ్డంత. తోలు నిండా నల్లమచ్చలు. దొర ఇంటికి పోయే గంపల్లోకి అది ఎక్కేది కాదు. అందుకే అది గంగయ్య బిడ్డ కనకవ్వ చెట్టు అయింది. పండు కొరికితే జీలకర్ర వాసన. ఆకు నలిపినా అదే వాసన. ఎండాకాలం పొద్దంతా ఆ పిల్ల దాని కిందే ఉండేది. సాయంత్రం ఒడినిండా పళ్ళతో తల్లి ఐలవ్వ దగ్గరికి వచ్చి, "అవ్వా, నా చెట్టు ఇయ్యాల నీకు గివి పంపింది" అనేది, చుట్టాల ఇంటి నుంచి వచ్చినట్టు.

కనకవ్వకు పదేళ్ళు నిండకముందే గోదారి ఒడ్డు ఊళ్ళలో కలరా గత్తర తగిలింది. పొద్దున వాంతులు మొదలైన పిల్ల పొద్దు గూకేసరికి లేదు.

అంతకుముందు ఐలవ్వ మొగుణ్ణి బిడ్డ పేరుతోనే "కనకవ్వ బాపూ" అని పిలిచేది. ఆ తర్వాత ఆ పిలుపు ఆమె నోటికి రాలేదు. దాని బదులు వేరే పిలుపు వెతుక్కోనూ లేదు. "ఇగో, నీళ్ళు" అనేది. "ఇగో, తలుపేసుకో" అనేది. ఏటా పళ్ళ కాలంలో మాత్రం బావి పక్క చెట్టు కిందికి పోయి రాలినవి ఏరుకొచ్చేది. రెండు పళ్ళు గోడ గూట్లో, పిల్ల కాళ్ళ కడియాల పక్కన పెట్టేది. మిగిలినవి ఒక్కతే కూర్చుని తినేది. ఆ కొన్ని రోజులు ఆమె కడుపునిండా బువ్వ తినేది కూడా.

హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఏడు, కడెం కాలువ కోసం తోట అంచున సున్నం గీత పడింది. గీత బావినీ చెట్టునూ కలుపుకొని పోయింది.

ఐలవ్వ పళ్ళెంలో అన్నం పెడుతూ అంది. "దొర చెట్లకు కడితివి. పట్వారి చెట్లకు కడితివి. నీ బిడ్డ చెట్టుకు ఇన్నేండ్లల్ల ఒక్క అంటు కట్టబుద్ది కాలే."

గంగయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పేరు లేని చెట్టుకు కూడా అంటు కట్టవచ్చని అతనికి తోచనేలేదు.

"రేపే కడత" అన్నాడు.

కుండీల్లో ఉన్నవన్నీ పుల్లమామిడి టెంకకు మొలిచిన మొక్కలు. వేరు గట్టిదని అంటుకు అవే వాడతారు. బావి పక్క చెట్టుకు గుంజలు పాతి మంచె కట్టాడు. కుండీలు కొమ్మల ఎత్తుకు లేపి, చేతికందిన ప్రతి కొమ్మకూ ఒకటి కట్టాడు. కానీ ఆ ఏడు వానలు వెనకబడ్డాయి, కాలువ పని ముందుకొచ్చింది. మేస్త్రీ హనుమండ్లు వచ్చి మంచె కింద చాలాసేపు నిలబడ్డాడు.

"నా చేతుల ఉంటే ఆపకపోదునా గంగన్నా? పైనోళ్ళు ఇంటలేరు. ఇంకో వారం దాక నేను గుడ్డోని లెక్క ఉంట. గంతే."

వారంలో అంటు అతకదు. గొడ్డళ్ళు వచ్చిన రోజు గంగయ్య కొమ్మలను పచ్చిగానే కోసి, కుండీలు బండిలో ఇంటికి తెచ్చాడు. వెనక చెట్టు పడ్డ చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అంబదాస్ ఎద్దులను అదిలించాడు.

ఒక్కొక్కటే ఎండుతూ వచ్చాయి. చివరికి ఒక్కటి మిగిలింది. దాన్ని ఇంటి వెనక నాటి, తడిక కట్టి, ఐలవ్వ పొద్దూమాపూ నీళ్ళు పోసింది. చలికాలం దాటింది. ఎండలు ముదిరాక ఒకనాడు ముడి పైభాగం నల్లబడి కనిపించింది. గంగయ్య గోటితో గీరి చూశాడు. లోపల పచ్చి లేదు. ఐలవ్వకు ఎట్లా చెప్పాలో తెలియక కొన్నాళ్ళు తిరిగాడు. చెప్పేలోపలే ముడి కింద చిగురు లేచింది.

బావి పక్క చెట్టుది లేతాకుపచ్చ చిగురు. ఇది రాగి రంగు. నలిపి చూడవలసిన పని లేదు. గంగయ్య గొంతుక్కూర్చుని, బొటనవేలి గోరు చిగురు మొదట్లో ఆనించాడు.

"కనకవ్వ బాపూ!"

అతను తిరిగి చూశాడు. ఐలవ్వ నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది.

"చిగురేసింది! నువ్వేమో పాణం లేనట్టు మొకం పెట్టుకొని తిరుగుతున్నవ్. సూడు, పుట్టిన్నాడు పిల్ల మొకం గిట్లనే ఎర్రగుండె."

గంగయ్య గోరు వెనక్కి తీసుకున్నాడు. "ఆఁ. ఏసింది" అన్నాడు.

మరునాడు ఆమె ఇంట్లో లేనప్పుడు ఎండిన పైభాగాన్ని కోసేశాడు. ముడి కనపడకుండా మట్టి మెత్తాడు. వాడకట్టు ఆడవాళ్ళందరినీ ఐలవ్వ పిలుచుకొచ్చి చూపించింది. ఇంట్లో పిలుపు మళ్ళీ మొదలైంది. కనకవ్వ బాపూ, కట్టెలు లేవు. కనకవ్వ బాపూ, మేక తడిక దూరింది, ఉరుకు. రేపు చెబుతానని అతను అనుకుంటూ ఉండగానే చెట్టు అతని భుజం దాటింది.

ఒకనాడు అంబదాస్ వచ్చి ఆకు తుంపాడు. "జీలకర్ర వాసన నేను గూడ సూస్త ఆగు."

"కాపుకొచ్చేదాక అంటుచెట్టు ఆకు వాసనియ్యది" అన్నాడు గంగయ్య గబుక్కున.

అంబదాస్ ఎన్ని బండ్ల అంటుమొక్కలు మోశాడో లెక్కలేదు. అతను గంగయ్య ముఖం చూశాడు. గడపలో నిలబడి వింటున్న ఐలవ్వను చూశాడు. ఆకు కింద పడేసి, "అవునవును. నాకు యాది లేకపాయె" అన్నాడు.

ఆరో ఏట మాఘమాసంలో చెట్టు పూత తొడిగింది. గంగయ్య ఐలవ్వ కంటే ముందే లేచాడు. జీవితమంతా పూతను పొగబెట్టి, మొక్కుకుని కాపాడిన చేతులతో పూగుత్తులన్నీ గిల్లి, పేడకుప్పలో పూడ్చాడు. ఐలవ్వ అడిగితే, "మంచు కొట్టింది" అన్నాడు. ఆమె నమ్మింది. పూత సంగతి అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పై ఏడు కూడా మంచే కొట్టింది.

ఆ మరుసటి ఏడు పూత కాలానికి గంగయ్యకు చలిజ్వరం వచ్చింది. మంచంలో కంబళి కింద వణుకుతుంటే వెనకనుంచి వేపాకు పొగ వచ్చేది. "నువ్వు జర పండుకో కనకవ్వ బాపూ. గీసారి మంచుకు దొరకనియ్య" అనేది ఐలవ్వ. అతను లేచి గోడ పట్టుకుని నడిచేసరికి పిందెలు గోళీలంత అయ్యాయి.

కాయ కోడిగుడ్డు దాటి పెరిగింది. "దొడ్లె పెరిగింది గద, బలిసింది" అంది ఐలవ్వ. తోలు మీద మచ్చలు రాలేదు. "మంచిగ సూసుకుంటిమి గద" అంది. తొలి కాయలు నాలుగు కోసి గడ్డిలో మాగేసింది. రోజూ గడ్డి ఎత్తి వాసన చూసేది. చూసి మళ్ళీ కప్పేది.

పండాక రెండు కడిగి గూట్లో పెట్టింది. మూడోది గంగయ్య చేతికిచ్చి, నాలుగోది తను కొరికింది. పళ్ళల్లో పీచు చిక్కింది. అయినా ఆపకుండా తిన్నది. టెంక తెల్లబడేదాకా చీకి, కింద పెట్టింది.

"పుల్లగున్నది."

"తొలి కాపు గద. వచ్చేటేడు..." అన్నాడు గంగయ్య.

ఐలవ్వ అతని చేతులవైపు చూస్తోంది. "పోయినేడు కొట్టింది మంచు కాదు గదా?"

గంగయ్య కుడి చేతిని పంచె మడతలోకి లాక్కున్నాడు.

"ఎప్పటిసంది ఎర్కనే నీకు?"

"చిగురేసిన్నాడే."

"గిల్లబోయినవ్ గదా ఆనాడు. నేనొస్తి."

"ఆఁ."

"మరి ఎందుకు గిల్లకపోతివి?"

"నువ్వు పిలిస్తివి" అన్నాడు గంగయ్య.

ఐలవ్వ లేచి గూట్లోంచి రెండు పళ్ళూ తీసింది. కాసేపు కొంగులో పట్టుకుని నిలబడి, బయట బర్రె ముందు వేసింది. గూట్లో తడి తుడిచి, కడియాలు మళ్ళీ మధ్యకు జరిపింది.

మరునాడు చెట్టు మీద మిగిలిన పచ్చికాయలన్నీ తెంపి తొక్కు పెట్టింది. పులుపు గట్టిగా ఉందని, ముక్క మెత్తబడలేదని వాడకట్టంతా మెచ్చుకుంది. వచ్చే ఏడు ఇంకో జాడీ ఎక్కువ పెట్టమని అడిగారు. ఆమె సరే అంది.

గంగయ్య ఇంటి వెనక్కి పోయాడు. చెట్టు కింద నిలబడి ఒక ఆకు తుంపాడు. నిలువునా మడిచి, వేళ్ళ నడుమ నలిపి, కళ్ళు మూసుకున్నాడు. పుల్లమామిడి. ఎక్కడైనా దొరికేది. కళ్ళు తెరవబుద్ధి కాలేదు.

ఇంట్లోంచి పళ్ళెం పెట్టిన చప్పుడైంది.  అతను ఆ పిలుపు కోసం ఎదురుచూశాడు.

"ఇగో" అంది ఐలవ్వ లోపలినుంచి. "బువ్వ."