మా అత్త కాయానికి నేను తెచ్చిన చెడ్డపేరు

పన్నెండేళ్ల కిందట డాక్టరు ముందు నేను చెప్పకుండా దాచిన ఒక మాట మా అత్తకు చెడ్డపేరు తెచ్చింది.

అప్పుడు మా పాపకు నెల. నా భార్యకు జలుబు చేసి తుమ్ములు ఆగడం లేదు. నా జలుబుకు రాసిచ్చిన మాత్రలు జేబులో ఉన్నాయి. “మార్కెట్లోకి కొత్తగా వచ్చింది, శానా బాగా పనిచేస్తాంది” అని గొప్పగా ఒకటి మింగించాను.

మధ్యాహ్నానికి పాప ఎంత కదిపినా కళ్లు తెరవలేదు, పాలు తాగలేదు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు కారులో పరుగెత్తాం. “తల్లికి మందులేమైనా ఇచ్చారా?” అని పిల్లల డాక్టరమ్మ అడిగింది. నేను జేబు మీద చెయ్యి పెట్టుకుని ఫ్యాను వైపు చూశాను.

“నేను కాయం పెడతాండా తల్లీ” అంది మా అత్త. బాలింతలకు పెట్టే ఆ ఘాటు లేహ్యం పుణ్యమా అని తిట్లన్నీ ఆమెకే పడ్డాయి.

సాయంత్రానికి పాప ఆసుపత్రి అదిరేలా ఏడ్చింది. ఇంటికొచ్చి మాత్రల డబ్బాలోని కాగితం చదివితే, పాలిచ్చే తల్లులకు ఇది క్షేమమో కాదో ఇంకా తెలియదని ఉంది. అప్పుడూ నోరు విప్పలేదు.

మొన్న పులివెందులలో మా మరదలి కాన్పుకు అత్త కాయం డబ్బాతో వచ్చింది. “నీ కాయం వద్దులేమా, బిడ్డ నిద్ర లేయదు!” అని అందరూ నవ్వారు. ఆమె డబ్బాను కొంగు కింద దాచుకుంది. ఇక ఉండలేక అందరి ముందూ జరిగింది చెప్పేసి, “తప్పు నాదే అత్తా, మన్నించు” అన్నాను.

అత్త నన్ను ఎగాదిగా చూసి మూత తీసింది.

“పన్నెండేండ్లు మూసుకున్న నోరు గదప్పా, ఇప్పుడు తెరువు” అని నిమ్మకాయంత ఉండ పెట్టింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నమిలి మింగాను.