నాయనమ్మ నొక్కిన లూపర్ పెడల్

అప్పట్లో నేను ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే ముందు డైరీలో రాసుకునేదాన్ని. బస్సు కండక్టరుతో అనాల్సిన "కొత్తపేట ఒకటి ఇవ్వండి" అన్న ముక్క కూడా రెండు రకాలుగా సిద్ధం చేసుకునేదాన్ని (ఒకటి చిల్లర ఉన్న రోజుకి, ఒకటి లేని రోజుకి). ఇదేమంత పాత కథ కాదు, ఆరేడేళ్ళ కిందటి మాట. డిగ్రీ పూర్తిచేసి కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లైబ్రేరియన్‌గా కొత్తగా చేరాను. నోరు విప్పకుండా జీతం పుచ్చుకోగల ఉద్యోగం లోకంలో ఇదొక్కటేనని నా నమ్మకం. నాలుగు బీరువాలు, రెండు బల్లలు, కిటికీ అవతల కొబ్బరితోట, ఇవతల నేను. పిల్లలు వచ్చేవారు కాదు. నిజం చెప్పాలంటే, వాళ్ళు రావడం లేదని నేను కుమిలిపోయిందీ లేదు. ఏడాది తిరిగేసరికి ఒకటిన్నర బీరువా చదివేశాను.

ఆ సుఖం కాస్తా మా కరస్పాండెంట్ గారి కంట పడింది. ఒకరోజు ఆయన గుమ్మంలో నిలబడి, ఖాళీ బల్లల్ని చూసి, నన్ను చూసి, ఎంతో మర్యాదగా మొదలుపెట్టారు. "మేడమ్, ఈ గదికి పిల్లలెవరూ రావట్లేదటండి?" నేను "ఆయ్" అన్నాను. (మా కోనసీమలో నాలాంటివాళ్ళకి దేవుడిచ్చిన వరం ఈ 'ఆయ్'. ఒక్క ముక్కలో మర్యాదా తీరుతుంది, సంభాషణా తీరిపోతుంది.) "వచ్చే ఏడాది నించి ఈ గది పూసల లెక్కలు నేర్పే అబాకస్ వాళ్ళకి ఇచ్చేద్దామనుకుంటన్నామండి. పుస్తకాలకేవుందండీ, స్టోర్ రూములో పెట్టించేద్దాం." "ఆయ్." "మీ బయోడేటాలో గిటార్ వాయిస్తానని రాసేరు కదండీ?" "ఆయ్." "అయితే యాన్యువల్ డేకి వాయించెయ్యండి. పేరెంట్స్‌కి నచ్చిందనుకోండి, లైబ్రరీ కమ్ మ్యూజిక్ రూమని బోర్డు పెట్టేద్దాం. మీరూ ఉంటారు, పుస్తకాలూ ఉంటాయి. నచ్చలేదనుకోండి, మరి అబాకస్సేనండి." "ఆయ్" అన్నాను. ఆయన వెళ్ళిపోయాక కుర్చీలో కూర్చుని, ఆ నాలుగు 'ఆయ్'లతో నేను దేనికి ఒప్పుకున్నానో ఒక్కొక్కటిగా ఆలోచించుకున్నాను.

గిటార్ సంగతి కూడా చెప్పేయాలి. మస్కట్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేసే మా బాబాయి ఒకసారి వస్తూ వస్తూ ఖర్జూరాలతోనూ, తలనొప్పి మందు సీసాలతోనూ పాటు తెచ్చిన గిటార్ అది. అందులో నాకు వచ్చినవి నాలుగు కార్డులు, అంటే నాలుగైదు తీగలు ఒక్కసారి మీటితే పుట్టే స్వరాల గుత్తులు. గది తలుపు వేసుకుని ఆ నాలుగూ వాయించుకుంటే నాకు బాగానే ఉండేది, కానీ స్టేజీ మీద ఒంటరి గిటార్ మీద నాలుగు కార్డులంటే మూడో నిమిషానికి జనం లేచి సమోసాల వైపు నడుస్తారని నాకూ తెలుసు. బాబాయికి మెసేజ్ పెట్టాను. ఆయన రూమ్‌మేట్ ఎవరో గిటార్ వాయిస్తాడట, అతన్ని అడిగి, సెలవు మీద ఇంటికొస్తున్న మా వీధి ఆయన చేతికి చిన్న పొట్లం ఇచ్చి పంపాడు. విప్పితే సబ్బుపెట్టె కంటే కాస్త పెద్ద ఇనుప డబ్బా, దాని నెత్తిన ఒకే ఒక్క బొత్తాం. అదే లూపర్ పెడల్. గిటార్ వైరు ఒక పక్క, స్పీకర్ వైరు ఇంకో పక్క. కాలితో ఒకసారి తొక్కితే ఎర్రలైటు వెలిగి మనం వాయించేది రికార్డవుతుంది. మళ్ళీ తొక్కితే అదే ముక్క ఆగకుండా తిరిగి తిరిగి మోగుతూ ఉంటుంది, దాని మీద మనం ఇంకో వరస తాపీగా వాయించుకోవచ్చు. టక్ టక్ అని రెండుసార్లు తొక్కితే ఆగిపోతుంది. అంతే, నేర్చుకోవడానికి ఇంకేమీ లేదు. పక్కన మరో మనిషి అక్కర్లేని బృందగానం! దీన్ని కనిపెట్టినవాడెవడో తప్పకుండా నాలాంటి సిగ్గరే అయ్యుంటాడని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

రెండో రోజు సాధన చేస్తుంటే మా నాయనమ్మ తలుపు తోసుకుని వచ్చింది. నా పాదం పెడల్ మీద ఉండగా చూసింది.

"ఓసి నీ మొహం! సరస్వతిని కాలితో తొక్కుతావంటే?"

"సరస్వతి గిటారు నాయనమ్మా. ఇది ఉత్త స్విచ్చి."

"అందులోంచి పాటొస్తందా, రావట్లేదా?"

"వస్తోంది."

"మరి?"

నేను ఓడిపోదలుచుకోలేదు. "నాటకాల్లో హార్మోనియం కాలితోనే తొక్కేవారని నువ్వే చెప్పావుగా?"

"వాళ్ళు తొక్కింది గాలిని. నువ్వు తొక్కేది పాటని," అంది నాయనమ్మ. ఈ తేడాకి నేను చదివిన ఒకటిన్నర బీరువాలో ఎక్కడా జవాబు దొరకలేదు. ఆవిడ పెడల్‌ని తీసి తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, కళ్ళకద్దుకుని బల్లమీద పెట్టింది. (బొట్టు ఎర్రలైటు పక్కనే పెట్టడంతో, రికార్డవుతోందో లేదో తెలుసుకోవడానికి కొన్నాళ్ళపాటు వంగి చూడాల్సి వచ్చింది.) ఇక మిగిలింది చేత్తో నొక్కడం. నా రెండు చేతులూ గిటార్ మీదే ఉంటాయి. "దానికేవుంది, నేను నొక్కుతాను," అంది నాయనమ్మ. పక్కన మనిషి అక్కర్లేని పెట్టెకి ఆ విధంగా పక్కన మనిషి వచ్చి కూర్చుంది.

ఆవిడకి ఇదంతా బోధపరచడానికి నాకొక మంచి పోలిక తట్టింది. మా ఊళ్ళల్లో ఏకాహం చేస్తారు. ఒక ఉదయం మొదలుపెట్టిన రామనామం మర్నాటి ఉదయం దాకా క్షణం కూడా ఆగకూడదు. ఒక జట్టు అలిసిపోతే ఇంకో జట్టు వచ్చి పక్కన కూర్చుని పాట అందుకుంటుంది, వీళ్ళు అందుకున్నాకే వాళ్ళు లేస్తారు. నాయనమ్మ మా ఊరి ఆడవాళ్ళ జట్టుకి ఎన్నో ఏళ్ళుగా పెద్ద. "ఇది ఏకాహం లాంటిదే నాయనమ్మా. నేను మొదలుపెట్టింది అది అందుకుంటుంది, నేను ఇంకోటి వాయిస్తున్నా అది మాత్రం ఆగదు," అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "అలా చెప్పవే మరి!" అంది. పుస్తకాలు చదివినవాళ్ళకే ఇలాంటి పోలికలు తడతాయని ఆ రోజు డైరీలో నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నేను ఒకసారి తల ఊపితే ఒక నొక్కు, రెండుసార్లు ఊపితే టక్ టక్. పదిహేను రోజుల్లో నాయనమ్మ బొటనవేలు నా గిటార్ కంటే లయగా పడసాగింది.

యాన్యువల్ డే వచ్చింది. మూడో క్లాసు పిల్లల రైతు డాన్సుకీ, ముఖ్య అతిథి గారి ప్రసంగానికీ మధ్య నాకు చోటిచ్చారు. స్టేజీ మీద నేనొక కుర్చీలో, నాయనమ్మ గంజిచీర కట్టుకుని ఇంకో కుర్చీలో, ఆవిడకి అవతలి పక్క స్టూలు, స్టూలు మీద కొత్త జాకెట్టుగుడ్డ, దాని మీద పెడల్. ముందు వరసలో కరస్పాండెంట్ గారు. ఆయన పక్కన అబాకస్ కంపెనీ ఆయన, గది కొలతలు అప్పుడే తీసేసుకున్నంత ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. నేను తల ఊపి, నాయనమ్మ నొక్కగానే నాలుగు కార్డులూ వాయించి మళ్ళీ తల ఊపాను. నాయనమ్మ నొక్కింది. కార్డులు వాటంతటవే తిరగడం మొదలుపెట్టాయి. వాటి మీద నేను సొంతంగా కట్టుకున్న వరస వాయించాను. తప్పు పోలేదు. అసలు తప్పు పోయినా ఎవరికీ తెలిసేది కాదు, ఎందుకంటే ఎవరూ వినడం లేదు. తల్లులు రైతు వేషాల్లో తమ పిల్లలేరని వెతుక్కుంటున్నారు. కరస్పాండెంట్ గారు ఫోన్ చూసుకుంటున్నారు. నా లైబ్రరీ నా కళ్ళముందే స్టోర్ రూములోకి వెళ్ళిపోతోంది. ఎలాగో పూర్తిచేసి రెండుసార్లు తల ఊపాను.

పాట ఆగలేదు. ఇంకో రెండుసార్లు ఊపాను. నాయనమ్మ నన్ను చూడటం లేదు, జనాన్ని చూస్తోంది.

"అయిపోయింది," అని గొణిగాను.

"నీది అయిపోయింది సరేనే. అందుకునేవాళ్ళేరీ?"

వైరు లాగేద్దామా అంటే, లూపర్‌కి అప్పటికే నా గిటార్‌తో పని తీరిపోయింది, పాట దాని కడుపులో ఉంది. లేచి నాయనమ్మని దాటుకుని వెళ్ళి నొక్కాలంటే అన్ని వందల కళ్ళముందు నాలుగు అడుగులు వేయాలి. "ఆపు నాయనమ్మా" అని గట్టిగా అందామంటే, ఆ మాట డైరీలో రాసుకుని రాలేదు. సౌండ్ బాక్సులాయన వైపు దీనంగా చూశాను. ఆయన అర్థమైందన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించి, సౌండు పెంచాడు.

నాలుగు కార్డులూ హోరుమంటుండగా కరస్పాండెంట్ గారు మైకు పట్టుకుని స్టేజీ ఎక్కారు. నాయనమ్మ పక్కకి వంగి రహస్యంగానే మాట్లాడారు, కానీ మైకు ఆఫ్ చేయడం మరిచిపోవడంతో ఆ రహస్యం కొత్తపేట సెంటర్ దాకా వినిపించింది.

"మామ్మగారూ, బాగుందండి. ఇంక ఆపెయ్యండి."

"ఆపడవేంటి బాబూ? అందుకునేవాళ్ళు లేకుండా మధ్యలో వదిలేత్తారా ఎక్కడన్నా? మీదేవూరు?"

"కాట్రేనికోన పక్కనండి."

"మీ ఊళ్ళో ఏకాహం చెయ్యరా?"

"అయ్యో, చేత్తారండి. చిన్నప్పుడు మేవూ కూర్చునేవాళ్ళం."

"మరింకేం? అందుకో."

ఆయన జనం వైపు చూశారు. జనం మొట్టమొదటిసారిగా స్టేజీ వైపు చూస్తున్నారు. ఫీజులు కట్టే తల్లిదండ్రులందరి ముందూ రామనామం అందుకోనని చెప్పగల కరస్పాండెంట్ ఇంకా పుట్టలేదు. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. నా నాలుగు కార్డుల్లో దేనికీ సంబంధం లేని శ్రుతి అది. కానీ రెండో చరణానికల్లా మనవల డాన్సు చూడ్డానికొచ్చిన మామ్మలు వెనక వరసల్లోంచి అందుకున్నారు. మూడో చరణానికి తాళాలు లేకపోయినా చప్పట్లు పడ్డాయి. సౌండ్ బాక్సులాయన పరుగున వెళ్ళి వాళ్ళ ముందు ఒక మైకు పెట్టాడు. ముఖ్య అతిథి గారు బూట్లు విప్పేసి కూర్చున్నారు. రైతు వేషాల పిల్లలు ఎవరూ పిలవకుండానే మళ్ళీ స్టేజీ ఎక్కి గెంతసాగారు. అబాకస్ ఆయన కళ్ళు మూసుకుని తొడమీద తాళం వేస్తున్నాడు. నేను మాత్రం తల వంచుకుని, లూపర్ ఎలాగూ వాయిస్తున్న ఆ నాలుగు కార్డులే దాంతోపాటు మళ్ళీ మళ్ళీ వాయిస్తూ కూర్చున్నాను. ఒక జట్టు ఆగితే ఇంకో జట్టు, అలా అరగంటసేపు. చివరికి ఎవరో పళ్ళెంలో కర్పూరం వెలిగించి తెచ్చారు. హారతి అయ్యాక, నాయనమ్మ అటూ ఇటూ చూసి, సరిగ్గా తాళం మీద, టక్ టక్ అని నొక్కింది. ఆ తర్వాత మోగిన చప్పట్లలో నా వాటా ఎంతో నాకు బాగా తెలుసు. ముఖ్య అతిథి గారు ఇంకేమీ చెప్పడానికి లేదంటూ ప్రసంగం మానేశారు (దానికీ చప్పట్లు కొట్టారు).

సోమవారం నాడు రాజీనామా ఉత్తరం రెండు రకాలుగా రాసి పట్టుకుని వెళ్ళాను. కరస్పాండెంట్ గారు కూర్చోమన్నారు. "మేడమ్, పేరెంట్స్‌కి తెగ నచ్చేసిందండి. పొద్దున్నించీ ఫోన్లేనండి, ఆ మామ్మగారు ఏ క్లాసుకి చెబుతారని. మీరేవనుకోకపోతే శనివారం శనివారం ఆవిడ్ని పంపుతారా? పిల్లలకి పాటలు నేర్పుతారు. గది మాత్రం అదేనండి, మీ లైబ్రరీ గదే. అబాకస్ వాళ్ళకి మేడమీద సర్దుతాం." నేను "ఆయ్" అన్నాను. ఆయన నా మొహం చూసి, నొచ్చుకున్నానేమోనని కాబోలు, "మీరు కూడా గిటార్ బానే పట్టుకున్నారండి," అన్నారు.

అలా మా లైబ్రరీకి శనివారాలు వచ్చాయి. పాటకి తమ వంతు వచ్చేదాకా పిల్లలు కింద కూర్చుని బీరువాలు తెరిచి ఏదో ఒకటి తిరగేసేవారు. తిరగేసినవాళ్ళు ఇంటికి పట్టుకెళ్తామని అడగడం మొదలుపెట్టారు. "టీచర్, ఇందులో రెండో భాగం ఎక్కడుంది?" అని ఒక పిల్ల మొదటిసారి అడిగినప్పుడు, డైరీలో ఏమీ రాసుకోకుండానే లేచి వెళ్ళి బీరువాలోంచి తీసిచ్చాను. ఇప్పుడు నాయనమ్మ మోకాళ్ళ నొప్పులతో రాలేకపోతోంది, శనివారాలు నేనే నడుపుతున్నాను, అవసరమైతే గట్టిగా అరుస్తాను కూడా. ఒక్కోసారి పిల్లల గోల మధ్య ఆ స్టేజీ మీది అమ్మాయి గుర్తొస్తుంది, నోరు పెగలక తల ఊపుతూనే ఉన్న అమ్మాయి. ఆ రోజు ఆమె గొంతులోంచి 'ఆపు నాయనమ్మా' అన్న రెండు మాటలూ బయటికొచ్చి ఉంటే, ఆమె పాట మూడు నిమిషాల్లో పద్ధతిగా ముగిసిపోయేది, ఈ గదిలో ఇవాళ పిల్లలు పూసలు లెక్కపెట్టుకుంటూ ఉండేవారు. ధైర్యం చాలనందుకు ఎవరినైనా మెచ్చుకోవచ్చో లేదో నాకు తెలియదు. ఆమెని మాత్రం నేను రహస్యంగా మెచ్చుకుంటూనే ఉంటాను.