బోర్తొలో చెయ్యి, ఎర్మీనియా నీలం

గార్దోనెలో తుపాకీ పని చెయ్యని ఇల్లు లేదు. ఆ ఊళ్లో పుట్టి తుపాకీ ముట్టుకోకూడని మనిషి ఒక్కడే, బోర్తొలో అనేవాడు. అతని చెమట అలాంటిది. పొద్దున అతను పట్టుకున్న ఉక్కు మీద మర్నాటికల్లా వేలిముద్రలు ఎర్రగా తేలేవి. యుద్ధం ముగిసిన కొత్తల్లో కార్ఖానాలో బిగింపు పనికి చేరాడు. అమ్మకానికి పంపిన తుపాకులు తుప్పు ముద్రలతో తిరిగొచ్చాక, మేస్త్రీ ఓత్తోరీనో అతన్ని తీసుకెళ్లి కట్టెలు మోసే పనిలో వేశాడు. మధ్యాహ్నం పొలెంతా, అంటే మొక్కజొన్న సంకటి, తినేటప్పుడు తోటివాళ్లు చెంచాలు దాచుకునేవారు.

"ఒరే, నా చెంచా ముట్టుకోకు. మా ఆవిడ కట్నంలో తెచ్చింది" అనేవాడొకడు. బోర్తొలో వాళ్లతో పాటే నవ్వి, చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు.

అదే కార్ఖానాలో, తుపాకీ గొట్టాలకు నీలం రంగు తెప్పించే నీలం గది ఎర్మీనియాది. గొట్టాలకు మందు పూసి, తేమ పెట్టెలో ఉంచి, సన్నగా తుప్పు పట్టించేది. మరిగే నీళ్లలో ముంచితే ఆ ఎరుపు నల్లబడేది. తీగ బ్రష్‌తో రుద్ది మళ్లీ పూసేది. అలా పొర మీద పొర వేస్తూ పోతే, చివరికి నేరేడుపండు మీది బూడిదను తుడిచినట్టు లోతైన నీలం తేలేది.

బోర్తొలో ఆమె పొయ్యికి కట్టెలు తెచ్చి గుమ్మం బయటే దించి వెళ్లేవాడు.

"లోపల పెట్టొచ్చు కదయ్యా? నా నడుము విరుగుతోంది" అంది ఆమె ఒకరోజు.

"నేనొస్తే నీ గొట్టాలకు తుప్పు పడుతుంది."

"పొద్దుటి నుంచీ నేను చేస్తున్నదీ అదే. నీకు ఊరికే వచ్చేదానికి నేను మందు పూసి తంటాలు పడుతున్నాను. రా లోపలికి."

అతను వచ్చాడు. మర్నాడు కూడా వచ్చి, కట్టెలు సర్దే నెపంతో కాసేపు ఉన్నాడు. నాన్న తన చేతులతో బిగించుకున్న జోడు గొట్టాల తుపాకీ ఇంట్లో ఉందని, ఆయన పోయాక దాన్ని నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టానని ఒకసారి మాటల్లో చెప్పాడు. "విప్పి చూడాలనే ఉంటుంది. చూస్తే పట్టుకోకుండా ఉండలేను."

ఎర్మీనియా మర్నాడే పనిలోకి దిగింది. కొన్ని ఉక్కు ముక్కలు ఏరి, ఒక్కోదానికి ఒక్కో పూత వేయించింది. ఒకటి మరిగే ఉప్పు ద్రావణంలో నల్లబడింది. ఒకటి తన నీలం. ఒకదానికి నికెల్, ఒకదానికి క్రోమియం. ఇంకొకటి సైన్యం తుపాకులకు వేసే బూడిదరంగు పూతతో నూనె తాగి ఉంది. అన్నీ రుమాల్లో మూటకట్టి అతని చేతిలో పెట్టింది.

"జేబులో వేసుకుని తిరుగు. గుర్తొచ్చినప్పుడల్లా పిసుకుతూ ఉండు."

"పగబట్టినట్టు పిసకనా?"

"నీ ఇష్టం. ఆదివారం చూద్దాం."

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మెల్లా అనే ఏటి ఒడ్డున కూర్చుని మూట విప్పారు. ఉప్పులో నల్లబడిన ముక్క అప్పటికే గజ్జి పట్టినట్టుంది. నికెల్ ఒక మూల పొరలుగా లేచింది. నీలం ముక్క అంచుల్లో మాత్రమే ఎర్రబడింది. బూడిదరంగుది నూనె పుణ్యమా అని నిలబడింది. క్రోమియం ముక్క మాత్రం నిన్న చేసినట్టే ఉంది.

"అయితే మొత్తం క్రోమియమే వేయించేద్దాం" అన్నాడు బోర్తొలో ఆశగా.

"గొట్టాలకా? పిట్టలు కొండ అవతలి నుంచే ఆ తళతళ చూసి నవ్వుకుంటాయి. ఉప్పు మరుగులో వేస్తే రెండు గొట్టాలను అతికించిన టంకాన్ని తినేస్తుంది. బూడిదరంగు వేస్తే మీ నాన్న తుపాకీ సిపాయి తుపాకీ అవుతుంది." ఆమె నీలం ముక్కను ఎండకు పట్టింది. "గొట్టాలకు ఇదే వేస్తాను, మామూలుకన్నా ఎక్కువ పొరలు. నీ వేళ్లు ఆనే ట్రిగ్గర్‌కీ, దాని చుట్టు కమ్మీకీ క్రోమియం. దించగానే నూనెగుడ్డతో తుడవాలి. బద్ధకిస్తే నేనూరుకోను."

అతను ముక్కలన్నీ మూటకట్టాడు. లేవబోతూ ఆమె చెయ్యి చాచింది. అతను తన అరచేతిని ప్యాంటుకు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

"పట్టుకోవయ్యా, నాకు తుప్పు పట్టదు."

తుపాకీ తయారైన రోజు బోర్తొలో దాన్ని భుజానికి ఆనించి, దించి, మళ్లీ ఆనించాడు. కళ్లు తుడుచుకోవడానికి వెళ్లి చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. ఆ శరదృతువులో ఇద్దరూ కొండెక్కారు. అతను ఒక్క పిట్టనీ కొట్టలేకపోయాడు. తెచ్చుకున్న జున్నూ రొట్టే తిని దిగొచ్చారు.

పెళ్లయ్యాక ఎర్మీనియా మేస్త్రీ దగ్గరికి వెళ్లింది. "మా ఆయన్ని నా గదికి పంపండి."

"నీకు మతి పోయిందా? అతని చెయ్యి సంగతి ఊరంతా తెలుసు" అన్నాడు ఓత్తోరీనో.

"గొట్టాలు పట్టుకునేది చేత్తో కాదు కదా? రెండు చివర్లా కర్ర బిరడాలు దిగ్గొడతాం, పట్టుకునేది వాటినే. ఉక్కు ముట్టుకుంటే పూచీ నాది."

ఓత్తోరీనో తల గోక్కుని, కొన్నాళ్లు చూద్దాం అన్నాడు. ఎవరూ వద్దనకపోవడంతో ఆ కొన్నాళ్లు అలా సాగిపోయాయి. బిరడాలు చెక్కడం, నీళ్లు మరిగించడం, గొట్టాలు ముంచి తీయడం బోర్తొలో పని. పూయడం, రుద్దడం ఆమెది. అతని తుపాకీ మీద ఎడమచెయ్యి ఆనేచోట నీలం మెల్లమెల్లగా పాలిపోయేది. కొన్నేళ్లకోసారి ఆమె దాన్ని గీకి, సణుగుతూనే మళ్లీ మొదటి పొర పూసేది.