ధరూర్ బసవమ్మ కుట్టిన చక్రం

ధరూర్‌లో బసవమ్మ చేత జాకెట్ కుట్టించుకోని ఆడది లేదు, ఆమె చేత తిట్లు తినని ఆడదీ లేదు. భర్త పోయాక ఆ కుట్టుమిషన్ మీదే ఇద్దరు కూతుళ్లను డిగ్రీ దాకా చదివించింది.

ఆగస్టు పద్నాలుగు పొద్దున బడి హెడ్మాస్టరు రామచంద్రయ్య ఒక పాలిస్టర్ జెండా పట్టుకొచ్చాడు. అచ్చులో చక్రం కోడిగుడ్డులా సాగిపోయింది.

"బసవమ్మా, రేపటికి ఒకటి సక్కగ కుట్టిస్తవా?"

"కుడ్త గానీ సారూ, అసలు ఈ డిజైన్ ఎట్ల వచ్చింది?"

ఆయనకు అదే కావాలి. కుర్చీ లాక్కుని మొదలుపెట్టాడు. పందొమ్మిది వందల ఇరవై ఒకటిలో ఎరుపు, పచ్చ రెండే రంగులట. తర్వాత తెలుపు చేరిందట, రాట్నం వచ్చిందట. ముప్పై ఒకటిలో ఎరుపు పోయి కాషాయం పైకెక్కిందట. నలభై ఏడులో రాట్నం దిగి చక్రం కూర్చుందట.

"ఒక్క జెండాకు ఇరువై ఆరేండ్లా! గిన్నిమార్లు మార్పించే గిరాకీ నాకు తగిలితే బట్ట మొకం మీద కొడ్తుంటి. రాట్నం ఏం పాపం జేసింది?"

"ఎనక నుంచి సూస్తే తిరగబడి కనిపిస్తది. చక్రమైతే రెండుదిక్కుల ఒక్కతీరే."

"దర్జీదాన్ని అడిగితే మొదటిరోజే చెప్తుండె."

మాటన్నంత తేలిక కాలేదు పని. చక్రం కుట్టి లెక్కపెడితే ఇరవై మూడు గీతలే వచ్చాయి. తనను తానే తిట్టుకుంటూ మొత్తం విప్పింది. స్టీలు ప్లేటు బోర్లించి గుండ్రంగా గీసి, ఎనిమిది భాగాలు చేసి, ఒక్కోదాన్ని మళ్లీ మూడు చేసింది. ఈసారి ఇరవై నాలుగూ కుదిరాయి.

మర్నాడు జెండా నిండుగా ఎగిరింది. ఎగరేసిన ఊరి నాయకుడు హన్మంతు నేరుగా ఆమె దగ్గరికొచ్చాడు.

"అక్కా, నాకు గూడ యాభై కావాలె. నడుమ చక్రం తీసి మా పార్టీ గుర్తు పెట్టు."

"మూడు పార్టీలు తిరిగినవ్. ఏ గుర్తు కుట్టాలె, జర తేల్చుకోనిరా!"

బడంతా ఘొల్లుమంది. హన్మంతుకూ నవ్వక తప్పలేదు.

ఇప్పుడు చుట్టుపక్కల ఏడు బళ్లకు ఆమే జెండాలు కుడుతోంది. ఆగస్టొస్తే జాకెట్లు మూలన పడతాయి. ఈ ఏడాది పెళ్లి జాకెట్ కుట్టనిచ్చిన జయశ్రీ "ఎల్లుండే నా పెండ్లి అత్తా!" అంటూ ఏడుపుమొహం పెట్టింది.

బసవమ్మ తల కూడా ఎత్తలేదు. "నీ జాకెట్ ఎవరు సూస్తరే? అందరి సూపు అన్నం దిక్కే ఉంటది."