వెండెల్‌బెక్‌లో చావు కబురు

పాస్టరుగారి ఊరి నుంచి మా ఊరు వెండెల్‌బెక్‌కి సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాను. నవంబరు పొగమంచు. దుంపలు తవ్వేసిన పొలాల మధ్య ముందెవరో నల్ల కోటులో నడుస్తున్నారు. దగ్గరికెళ్తే రోసెల్ షెర్నికావ్. చంకలో నల్ల కర్ర. మా ఊళ్ళో ఎవరు పోయినా ఆ కర్రతో గడప గడపా తట్టి కబురు చెప్పేది ఆవిడే.

"ఎవరు, రోసెల్?"

"మా విలెమ్. తెల్లారగట్ల."

విలెమ్ ఆవిడ భర్త. మొన్న ఆదివారమే అతనితో పేకాడాను.

"పాస్టరుతో మాట్లాడొస్తున్నా. శనివారం మట్టి చేద్దామన్నాడు. కబురంటావా, ఫోన్లు చేసుకోమన్నాడు. అన్నేసి ఊళ్ళు మోస్తున్నాడు, పాపం, ఎక్కడ ఎవరున్నారో ఆయనకే గుర్తుండదు."

"మరి కర్రెందుకు తీసుకెళ్ళావు?"

"దారిలో ఎవరికైనా ఇద్దామని. చావు జరిగిన ఇంటివాళ్ళు తట్టకూడదుగా."

"ఇలా ఇయ్యి, నేను తడతాను."

"నీకిక్కడ పొయ్యి లేదు. అద్దె గది మనిషివి." ఆ మాట వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా అంది.

నిజమే. ఊళ్ళో సొంత పొయ్యి ఉన్నవాళ్ళే తట్టాలి. పొయ్యి ఉండి, కాళ్ళు ఆడేవాడు ఇక గెర్హార్ట్ లూడెకె ఒక్కడే. అతని పేరెత్తగానే రోసెల్ అడుగు నెమ్మదించింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం, ఓటమితో చేజారిన తూర్పు సీమ సిలేసియా నుంచి జర్మన్లని తరిమేస్తే తల్లి చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్ల ఆవిడ. అప్పుడు ఊరు కిక్కిరిసి, పశువుల కొట్టాల్లో కూడా మనుషులు పడుకునేవారట. వచ్చినవాళ్ళలో సగంమంది మళ్ళీ పశ్చిమానికి దాటిపోయారు. బెర్లిన్ గోడ కూలాక ఊరి కుర్రకారూ అదే దారి పట్టింది. రోసెల్ మిగిలింది. చావు కబురు మొయ్యడానికి ఊరివాళ్ళెవరూ ఇష్టపడకపోతే, గెర్హార్ట్ తల్లి ఆ కర్ర ఈవిడ చేతిలో పెట్టింది. గెర్హార్ట్‌కి మాత్రం ఈవిడ ఇప్పటికీ 'సిలేసియా పిల్లే'. అతని పూర్వీకులైనా, పదిహేడో శతాబ్దపు ముప్పయ్యేళ్ళ యుద్ధంలో ఈ ఊరు తగలబడి పాడుపడ్డాక ఎక్కడినుంచో మూటలతో దిగినవాళ్ళే అయ్యుంటారు. చదువుకున్నదంతా చెప్పే సమయం కాదు కనక ఊరుకున్నాను.

గెర్హార్ట్ వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు.

"ఏం, సిలేసియా పిల్లా! తట్టకుండా గేటు దగ్గరే నిలబడ్డావేం? నన్ను తీసుకుపోదామనా?"

"విలెమ్ పోయాడు, గెర్హార్ట్."

గొడ్డలి దుంగలోనే వదిలేశాడు. టోపీ తీశాడు. రోసెల్ కర్ర చాచింది.

"మా ఇంటి చావు నేను తట్టకూడదు."

"ఆ పట్టింపులు ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి."

"విలెమ్ పుట్టింది ఇక్కడే. నీతోపాటు బడికెళ్ళాడు. ఫోన్లో చెప్పించుకుని పోవాల్సిన మనిషా?"

గెర్హార్ట్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నాకు ఆ మాటలు రావు."

"మీ అమ్మ పోయినప్పుడు నీ గుమ్మంలో నిలబడి చెప్పాను. విన్నావుగా."

కర్ర అందుకున్నాడు.

మొదటి తలుపు దగ్గర నీళ్ళు నమిలాడు. "మన ఊరి విలెమ్ షెర్నికావ్ ఇక లేడు. వాడి... వాడి పెళ్ళాం మిమ్మల్ని మట్టి దాకా రమ్మంటోంది." రోడ్డు మీద నిలబడ్డ రోసెల్ తల వంచుకుంది. అక్కడ అనాల్సింది 'వాడి పెళ్ళాం' అని కాదు. పోయినవాడితోపాటు, రమ్మని పిలిచేవాళ్ళని కూడా 'మన ఊరి' అనే అనాలి. ఎన్ని గుమ్మాల ముందు, ఎందరి తరఫున ఆవిడ ఆ మాట అని ఉంటుందో. రెండో ఇంటి దగ్గరా అతను అలాగే దాటేశాడు. మూడో ఇంటి దగ్గరా అంతే.

తర్వాతది మూతపడ్డ బడి. కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి.

"ఖాళీ ఇళ్ళు కూడానా?" అన్నాడు.

"ఏ ఇల్లూ వదలకూడదని మీ అమ్మే నేర్పింది."

విసుక్కుంటూనే మెట్లెక్కాడు. తట్టాడు. లోపల శబ్దం బోలుగా మోగింది. అక్కడే అతనూ విలెమూ ఒకే బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దారు. తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత, వినేవాళ్ళెవరూ లేని ఆ తలుపుకి గట్టిగా చెప్పాడు:

"మన ఊరి విలెమ్ షెర్నికావ్ ఇక లేడు. మన ఊరి రోసెల్ మిమ్మల్ని మట్టి దాకా రమ్మంటోంది."

మిగతా ఇళ్ళన్నిటి దగ్గరా అలాగే అన్నాడు. చివరి గడప అయ్యాక రోసెల్ వైపు తిరిగి, కర్ర ఏం చెయ్యాలన్నట్టు చూశాడు. ఆవిడ చెయ్యి చాచలేదు. చావు కబురు మోసినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పకూడదు, వెళ్ళొస్తానని అనకూడదు. తలకి కట్టుకున్న రుమాలు ముడి బిగించుకుని, మా ఇద్దరినీ రోడ్డు మీదే వదిలేసి, పొగమంచులో తన ఇంటి వైపు నడిచింది.