చాందీపూర్‌లో గ్రేసమ్మ గారి గొంతు

మొన్న మా ఖరగ్‌పూర్ గోల్ బజారులో మసాలా దినుసుల కొట్టు ముందు నిలబడి ఉన్నాను. కొట్టతను నా పక్కనున్నావిడ కోసం లవంగాల డబ్బా మూత తీశాడు. ఆ ఘాటు ముక్కుకు తగిలేసరికి నేనేం కొనడానికి వచ్చానో మరిచిపోయాను. "దీదీ, ఆప్‌కో క్యా?" అని, నాకేం కావాలో అతను రెండోసారి అడిగాడు. గ్రేసమ్మ గారి బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. డ్యూటీ ఎక్కగానే ఒకటి నోట్లో వేసుకుని, మరొకటి నా అరచేతిలో పెట్టేవారు. ఆవిడ పోయాక నేను లవంగం నమలడం మానేశాను.

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఎక్కి దిగినవాళ్లు ఎంతోమంది ఆవిడ గొంతు వినే ఉంటారు. మనిషిని చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఏ ప్లాట్‌ఫాం మీదికి ఏ బండి వస్తుందో బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో చెప్పే అనౌన్సర్ ఆవిడ. తాతల నాడు భీమిలి దగ్గరి పల్లె నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో కుదురుకున్న క్రైస్తవ కుటుంబం. భర్త శామ్యూల్ గారు లోకో పైలట్‌గా రిటైరయ్యారు. ఇంజన్ల రొదలో బతికినందుకు ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం మిగిలింది. ఎదురుగా నిలబడి, కుడివైపు వంగి, మాటను విడగొట్టి చెబితే తప్ప ఆయనకు అందేది కాదు. చెవి మిషన్ పెట్టుకుంటే తలలో ఇంజన్ తిరుగుతోందని తీసి బల్ల సొరుగులో పడేశారు. పిల్లలు లేరు. ఊళ్లోనే ఝపటాపూర్‌లో చిన్న ఇల్లు, వాకిట్లో మందార చెట్టు, ఇద్దరే మనుషులు.

వర్క్‌షాపులో పనిచేస్తూ మా నాన్న చనిపోతే ఆ ఉద్యోగం బదులు నాకు ఎంక్వయిరీ గదిలో పని ఇచ్చారు. అప్పటికి నేను నలుగురిలో నోరెత్తి ఎరగను. చెన్నైని సెన్నై అనేదాన్ని. బెంగాలీ వాళ్లు కిటికీ అవతల నవ్వుకునేవారు. అప్పటికే మామూలు ప్రకటనలన్నీ రికార్డు చేసినవే వచ్చేవి గాని, బండి ఆలస్యమైనా, ప్లాట్‌ఫాం మారినా, ఎవరైనా తప్పిపోయినా మనిషే మైకు అందుకోవాలి. ఒకనాడు హౌరా వైపు బండి బాగా ఆలస్యమైంది. నేను గబగబా చదివేసి మైకు కట్టేశాను. గ్రేసమ్మ గారు కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"ఏటే పైడీ, ఎవుల మీద కోపం?"

"కోపమేటి మేడం? లేదు."

"మరి లేటని అలగ కసిరీసినట్టు సెప్పినావేటి? ఆళ్లు తెల్లారి నుంచి మూటల మీద కూకోనున్నారు. బండి లేటవడం నీ తప్పు కాదు. ఆళ్ల తప్పూ కాదు గదా."

తర్వాత మైకు తనవైపు లాక్కుని అదే ముక్క ఆవిడ చెప్పారు. ఇంట్లో పెద్దమనిషి వచ్చి, వంట ఇంకా కాలేదు, కాసేపు ఓర్చుకోండి అన్నట్టుంది. మామూలు మాటల్లో సెప్పు, సూడు అనే మనిషి మైకు ముందు ఒక్క అక్షరం జారనిచ్చేవారు కాదు. ఎన్నో నెలలు పక్కన కూర్చోబెట్టుకుని నా నాలుకను, నా భయాన్ని రెంటినీ సరిచేశారు. ఎప్పుడు మేడం కాస్తా పిన్ని అయ్యారో నాకు గుర్తులేదు. ఆవిడకు ఒక్కటే వెలితి. "ఇంతమంది తెలుగోళ్లం ఉన్న ఊరు. ఇన్నేళ్లలో మైకులో మన మాట ఒక్కటీ అన్నేదే" అని అప్పుడప్పుడూ అనేవారు.

ఒక చలికాలం ఆవిడ గొంతు బొంగురుపోయింది. దుమ్మన్నారు, చలిగాలన్నారు. వేడినీళ్లు, అల్లం, లవంగాల మీదే ఎండాకాలం దాకా నెట్టుకొచ్చారు. మింగడం కష్టమయ్యాక శామ్యూల్ గారు పట్టుబట్టి కలకత్తా తీసుకెళ్లారు. తిరిగొచ్చిన మర్నాడు టీ తాగుతూ నాతో చెప్పారు. ఆ ముక్క మాత్రం మా ఇద్దరి యాసలో చెప్పలేదు.

"స్వరపేటిక మొత్తం తొలగిస్తారు. ఆ తర్వాత మాట రాదు."

ఆలస్యమైన బండి గురించి చెప్పినట్టే, అంత మర్యాదగా చెప్పారు. ఆవిడ నా చేతిలో గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టి, మళ్లీ మా మాటలోకి దిగారు. "బుధవారం సేరమన్నారు. ఈ శని, ఆదివారాలు సముద్రానికి పోదాం. నువ్వూ రావాల. ఆయన్ని ఒక్కదాన్నే సూసుకోనేను."

ఆ సాయంత్రం ఝపటాపూర్ ఇంట్లో ప్రయాణం గురించి పెద్ద గొడవే జరిగింది. నేను దీఘా అన్నాను, బస్సెక్కితే నేరుగా దింపుతుందని. గ్రేసమ్మ గారు వద్దన్నారు. "దీఘాలో జనం, పాటలు, మైకులు. ఇంకో మైకు నాకొద్దు. నేను మాటాడితే ఇనబడాల. చాందీపూర్ పోదాం." అది ఒడిశా ఒడ్డున ఉంది. బాలాసోర్ దాకా రైలు, అక్కణ్నుంచి ఆటో. శామ్యూల్ గారికి అసలు ప్రయాణమే ఇష్టం లేదు. ఆయన కుర్చీలో అటు తిరిగి కూర్చున్నారు. ఆవిడ బల్ల మీద వేళ్లతో తట్టారు. భర్తను పిలవడం ఆవిడకు అలాగే అలవాటు. తట్టడం, లేకపోతే ఎదురుగా వెళ్లి "ఇదిగో" అనడం.

"ఇదిగో, ఇనండి. శనివారం బండికి పోతన్నాం."

"ఇప్పుడు తిరుగుళ్లేటి? డాక్టరు మాటాడొద్దన్నాడు గదా. గొంతు దాసుకో."

"దాసుకుని బుధవారం ఎవులికిచ్చీమంటారు?"

ఆయన లేచి లోపలికి వెళ్లి, అటక మీద నుంచి సంచీ దించి దులపడం మొదలుపెట్టారు.

లాడ్జికి ఫోన్ నేను చేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. తనకొచ్చిన ఒడియాలో తనే మాట్లాడారు. కింది గది కావాలి, మా ఆయనకు మోకాళ్ల నొప్పులు, మధ్యాహ్నానికి భెట్కీ చేప వేయించాలి, కారం తగ్గించాలి, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పారు. అవతలి మనిషి జలుబు చేసిందా అని అడిగినట్టున్నాడు. "అవును నాయనా, బుధవారానికి పోతుంది" అన్నారు. ఫోన్ పెట్టేసి మాతో ఆ మాట చెబుతూ పకపకా నవ్వారు. నవ్వు సగంలో దగ్గుగా మారింది. దగ్గు ఆగాక చాలాసేపు ఫోన్ ఒళ్లో పెట్టుకుని, గోడవైపు చూస్తూ ఉండిపోయారు.

శనివారం పొద్దున్న రైల్లో బేల్దా స్టేషన్ దాటాక నేను ఫోన్ బయటికి తీసి, "పిన్నీ, ఏదైనా మాట్లాడండి, రికార్డు చేస్తాను" అన్నాను. ఆవిడ నా చేతిమీద చెయ్యి వేసి ఫోన్‌ని మెల్లగా కిందికి నొక్కారు. "వద్దే. స్టేషన్‌లో సూస్తన్నావు గదా, ఎవులున్నా ఎవులు నేకపోయినా ఆ రికార్డు వాగుతానే ఉంటాది. నా గొంతు అలగ కావద్దు. ఎదురుగా ఉన్నోళ్లు ఇంటే సాలు." అప్పుడు ఆ మాట నిజమే అనిపించింది. ఇప్పుడు కొన్నాళ్లు అలాగే అనిపిస్తుంది, కొన్నాళ్లు మాత్రం ఒక్క నిమిషం దొంగతనంగా రికార్డు చేసి ఉంటే ఏం పోయేది అనిపిస్తుంది.

చాందీపూర్‌లో ఆటో దిగి సరుగుడు తోట దాటి చూస్తే సముద్రం లేదు. అక్కడ అంతే. ఆటు సమయంలో నీళ్లు మైళ్లకొద్దీ వెనక్కి వెళ్లిపోతాయి, మళ్లీ కొన్ని గంటలకు వస్తాయి. అది మాకు తెలిసిన సంగతే. అయినా కళ్లముందు అంత తడి ఇసుక ఖాళీగా పరుచుకుని ఉంటే ముగ్గురం అక్కడే ఆగిపోయాం. "సూసినావా, సముద్రం కూడా లేటే" అన్నారు పిన్ని. శామ్యూల్ గారు మోకాళ్లు పట్టేశాయని సరుగుడు నీడలో సంచులు పెట్టుకుని కూర్చున్నారు. మేమిద్దరం చెప్పులు విప్పి ఇసుకలోకి నడిచాం. అడుగు పడే ముందే ఎర్ర పీతలు బొరియల్లోకి దూరిపోతున్నాయి. చాలా దూరం వెళ్లాక పిన్ని ఆగి వెనక్కి తిరిగారు. గట్టుమీద ఆయన తెల్లచొక్కా మాత్రం కనిపిస్తోంది.

ఆవిడ గొంతు సవరించుకున్నారు. రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిగా పెట్టుకున్నారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన శామ్యూల్ గారు ఎక్కడున్నా వెంటనే రావలసిందిగా కోరుతున్నాం. ఇక్కడ మీ భార్య మీ కోసం ఎదురు చూస్తోంది."

తెలుగులో ఆవిడ చేసిన మొదటి ప్రకటన అది. బొంగురుపోయిన గొంతులో కూడా ఒక్క అక్షరం జారలేదు. నేను నవ్వుతున్నాను, ఆవిడా నవ్వుతున్నారు. ఆయన కదల్లేదు. పిన్ని ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. "ఇన్నేళ్లూ దేశంలో ఉన్న ఊళ్ల పేర్లన్నీ పిలిసినాను పైడీ. ఆయన్ని పేరెట్టి ఒక్కసారి పిలవనేదు" అన్నారు. తర్వాత ఊపిరి పీల్చుకుని, ఉన్న బలమంతా పెట్టి అరిచారు.

"శామ్యూలూ!"

గారు లేదు, ఇదిగో లేదు. గొంతు చివర్లో చీలిపోయింది. మళ్లీ పిలిచారు. మూడోసారి పిలుస్తూ చేతులు పైకెత్తారు. దూరంగా ఆ తెల్లచొక్కా లేచి నిలబడింది. ప్యాంటు పైకి మడుచుకుని, మోకాళ్ల నొప్పులు మరిచిపోయి, ఆ తడి ఇసుకలో ఆయన మా వైపు నడిచి వచ్చారు. వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. నేను ఇంకాస్త ముందుకు, సముద్రం ఉండాల్సిన వైపు నడిచాను, వాళ్లను చూడకుండా. సాయంత్రానికి నీళ్లు వచ్చాయి. ముగ్గురం పాదాలు తడుపుకున్నాం. మర్నాడు ఇంటికొచ్చేశాం.

ఆపరేషన్ తర్వాత ఆవిడ ధైర్యంగా నిలబడ్డారని రాయాలని ఉంది. కాని మొదటి నెలల్లో అలా లేరు. మెడ దగ్గరి రంధ్రానికి పల్చటి గుడ్డ కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకునేవారు. చూడవచ్చినవాళ్లు ఆవిడకు చెవుడన్నట్టు గట్టిగా అరిచి మాట్లాడేవారు. అది ఆవిడకు భరించరానిదిగా ఉండేది. రాసి చెప్పమని పలక ఇస్తే మంచం కిందికి తోసేశారు. శామ్యూల్ గారు రోజంతా ఎదురుగా కూర్చుని ఆవిడ పెదవులు చదవడం నేర్చుకున్నారు. తప్పు చదివితే ఆవిడ ఆయన తొడమీద చరిచేవారు, ఒప్పయితే కళ్లు మూసుకునేవారు. కొన్నాళ్లకు ఇద్దరూ స్టేషన్‌కి రావడం మొదలుపెట్టారు. స్పీకరు కింద బెంచీమీద కూర్చుని నా ప్రకటనలు వినేవారు. నేను తొందరపడిన రోజు పిన్ని పైకి వచ్చి, మా గది అద్దం మీద తట్టి, అరచేతిని కిందికి కిందికి దించి చూపించేవారు, నిదానం, నిదానం అని. ఆ రోజుల్లో మళ్లీ కాస్త మనిషయ్యారు. అంతలోనే జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. మరుసటి ఏడాది వానాకాలం మొదట్లో వెళ్లిపోయారు.

సమాధి దగ్గర తెలుగు చర్చి సంఘం వాళ్లంతా పాట పాడారు. శామ్యూల్ గారు చేతులు కట్టుకుని, ఎవరి నోరూ చూడకుండా, తవ్విన మట్టివైపే చూస్తూ నిలబడ్డారు. అందరూ వెళ్లాక ఇంటి వరండాలో నన్ను పక్కన కూర్చోమన్నారు.

"పైడీ, ఒక మాట అడగాల. చాందీపూర్‌లో ఆ పొద్దు ఇసకలో నిలబడి పిన్ని ఏటన్నాది?"

నాకు అర్థం కాలేదు. "మీరు విన్నారు కదా బాబాయ్. లేచి వచ్చారు కదా."

"సేతులెత్తడం సూసినాను, అందుకొచ్చినాను. గాలి అటేపు. నాకేటీ ఇనపడనేదు. లాడ్జికెల్లినాక అడిగినాది, ఇనపడిందా అని. ఇనపడిందన్నాను. ఎలగనమ్మా నేదంటాను? అంటే మల్లీ పిలుస్తాది. గొంతు మండిపోతన్నాది దానికి."

నేను ఆయన కుడివైపుకి జరిగాను. వంగి, ఆవిడ నేర్పినట్టు విడివిడిగా చెప్పాను.

"మీ పేరు పిలిచింది బాబాయ్. శామ్యూలూ అని."

"పేరా?" అన్నారు. "గారు అన్నేదా?"

"లేదు. ఉత్త పేరే."

ఆయన పెదవులు కదిలాయి. తన పేరునే తను లోపల పలికి చూసుకుంటున్నారని తెలిసింది. తర్వాత పంచె అంచుతో ముఖం కప్పుకున్నారు. ఆయనకు వినపడలేదని పిన్నికి తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. పెదవులు చదివే రోజుల్లో వాళ్ల మధ్య ఆ మాట వచ్చిందో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు.

నిజం చెప్పాలంటే ఆవిడ గొంతు నాకు మెల్లగా దూరమవుతోంది. అన్న మాటలు గుర్తున్నాయి. వాటిని తలుచుకుంటే నా గొంతులోనే వినిపిస్తున్నాయి, ఆవిడ గొంతులో కాదు. ఆదివారం సాయంత్రాలు ఝపటాపూర్ వెళ్తాను. బాబాయికి ఊళ్లో సంగతులు చెబుతాను. ఆయన ప్రతిదానికీ తలూపి "ఆఁ" అంటారు. ఆ "ఆఁ"ను నేనిప్పుడు నమ్మను. "నేనేమన్నానో చెప్పండి" అంటాను. చెప్పలేక నవ్వేస్తారు. ఇంట్లో మా అమ్మతోనూ, మా ఆయనతోనూ ఇదే అలవాటైంది. చెప్పి ఊరుకోను, విన్నారో లేదో కళ్లలోకి చూస్తాను. వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. లేచి ఎదురుగా వెళ్లి మళ్లీ చెబుతాను.