ఎడమొహం పెడమొహం రూపాయలు

నానమ్మ మెడలో ఉండిన రెండు పాత వెండి రూపాయల దారం తెగిపోతే, మళ్లీ గుచ్చించడానికి ఈ రోజు అమ్మతో కలిసి అమీర్‌పేటలో ఒక వెండి కొట్టుకు వెళ్లాను. ఒకదాని మీద విక్టోరియా రాణి, రెండోదాని మీద ఆమె కొడుకు ఎడ్వర్డ్. కొట్టాయన పక్కపక్కనే గుచ్చి చూపించగానే అమ్మ ముఖం చిట్లించింది.

"గీ తల్లీకొడుకులేంది, ఎడమొహం పెడమొహంగ ఉన్నరు?"

"కొత్త రాజు వస్తే, పాతవాళ్లు చూసే దిక్కుకు ఉల్టా ముఖం పెట్టి రూపాయి కొడ్తరట అమ్మా. వాళ్ల రివాజు."

"తల్లి మీద కోపంతోని కాదా?"

"కాదమ్మా. ఉత్త రివాజే."

అమ్మ రెండు రూపాయలనూ వేలితో తడిమి చూసింది. చర్చిలో కాకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాడని మా అన్నతో ఆమె మాట మానేసి ఏడాది దాటింది. చివరికి కొట్టాయనతో, "అన్నా, జర ఇటుది అటు మార్చి గుచ్చు," అంది.

చోట్లు మారాయంతే. రాణీ, ఆమె కొడుకూ ఎదురెదురుగా చూసుకున్నారు.

తిరుగు మెట్రోలో మేం దిగాల్సిన పంజాగుట్ట వచ్చింది. అమ్మ సీట్లోంచి లేవలేదు. తర్వాతి స్టేషన్ ఎర్రమంజిల్. అన్న ఉండేది అక్కడే.

ఇప్పుడు అన్న ఇంటి మెట్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. ఒక్కతే పైకి వెళ్లిన అమ్మ ఇంకా దిగలేదు. ఆలస్యమయ్యేకొద్దీ నాకు ధైర్యం పెరుగుతోంది. మీ ఇళ్లలో ఎవరు ఎటు తిరిగి ఉన్నారో, మీరూ ఒకసారి చూసి చెప్పండి.